మండల ఆరోగ్య కేంద్రంలో ఉచిత టీబీ చికిత్స: నాన్నగారి ఆరు నెలల కోర్సు తర్వాత నా సమీక్ష

మా నాన్నగారికి ఊపిరితిత్తుల క్షయ ఉందని 2025 జనవరిలో తేలింది. జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద మా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందులు తీసుకుని, 168 రోజుల మోతాదులు పూర్తిచేసి, జూలైలో ఆయన కోర్సు ముగించారు. డబ్బు పెట్టి కొన్న మిక్సీ గురించీ, భోంచేసిన హోటలు గురించీ నలుగురికీ తెలిసేలా రాస్తాం గానీ, ఉచితంగా అందే వైద్యసేవ ఎలా ఉందో వివరంగా రాసేవారు తక్కువ. అందులోనూ ఈ జబ్బు పేరెత్తడానికే చాలా ఇళ్లలో జంకుతారు కాబట్టి, తెలియాల్సినవారికి తెలియాల్సిన సంగతి చేరదు. నాన్నగారి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. మందుల నాణ్యతలోనూ పరీక్షల్లోనూ ఈ సేవ డబ్బు పెట్టి చేయించుకునే వైద్యానికి ఏమాత్రం తీసిపోదని నా అభిప్రాయం. అయితే రోగి ఆ గడప తొక్కేదాకా జరిగే ఆలస్యాన్ని అది ఆపలేకపోతోంది. గడప తొక్కాక కూడా, ఒంట్లో బాగుందనిపించే మూడో నెలలో మనిషిని నిలబెట్టే భారమంతా ఒక్క ఆశా కార్యకర్త భుజాల మీదే ఉంది.

నాన్నగారికి 61 ఏళ్లు. నలభై ఏళ్లుగా దర్జీ పని, తొమ్మిదేళ్లుగా షుగరు. 2024 దీపావళి తర్వాత మొదలైన దగ్గును మేమంతా చలికాలపు దగ్గు అనుకున్నాం. నవంబరు చివరికి సాయంత్రం పూట ఒళ్లు కొద్దిగా వెచ్చబడేది, తెల్లవారుజామున దిండు గలీబు చెమటతో తడిసి ఉండేది, అన్నం రెండు ముద్దలకే వద్దనేవారు. ఆయన తన ప్యాంటు నడుమును తానే రెండుసార్లు విప్పి బిగించి కుట్టుకున్నారని అమ్మ ఆ తర్వాత ఎప్పుడో చెప్పింది. ఎదురుగా కుట్టుమిషను మీదే రుజువు ఉన్నా మేం చూడలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. దగ్గులో రక్తం పడలేదు కాబట్టి టీబీ అయ్యుండదని మా ఇంట్లో అందరం అనుకున్నాం. ఈ అపోహ చాలామందిలో ఉంది. రక్తం పడటం, ఛాతీలో నొప్పి, ఆయాసం కొందరిలోనే కనిపిస్తాయి, అవి కూడా జబ్బు ముదిరాకే ఎక్కువ. రెండు వారాలకు మించిన దగ్గు ఒక్కటి చాలు, కళ్లె (తెమడ) పరీక్ష చేయించుకోవడానికి. దానికి సాయంత్రం జ్వరమో, బరువు తగ్గడమో, రాత్రి చెమటలో తోడైతే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

మేం మాత్రం ఆరు వారాలు ఆగాం. మొదట ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర దగ్గు మందు, ఆ తర్వాత పట్నంలోని ఒక ప్రైవేటు క్లినిక్కులో రెండు దఫాలు యాంటీబయాటిక్ మాత్రలు వాడాం. రెండో దఫా ఇచ్చినది లెవోఫ్లాక్ససిన్. దానితో పది రోజులు దగ్గు తగ్గింది, జ్వరం పోయింది, మేం సంతోషించాం. అయితే ఆ జాతి మందులకు టీబీ క్రిమిని కొంతవరకు అణచే శక్తి ఉందనీ, అందువల్ల జబ్బు తగ్గినట్టు కనిపించి అసలు రోగం బయటపడటం వెనక్కి పోతుందనీ తర్వాత ఆరోగ్య కేంద్రం డాక్టరుగారు చెప్పారు. అదే క్లినిక్కులో టీబీ ఉందో లేదో చూడటానికి రక్త పరీక్ష ఒకటి చేయించమన్నారు. చదివేవారు ఈ విషయం జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాలి. రక్తంలో యాంటీబాడీలను చూసి టీబీని నిర్ధారించే పరీక్షలను మన దేశంలో 2012లోనే నిషేధించారు. ఇప్పుడు చేస్తున్న ఇగ్రా అనే రక్త పరీక్ష గానీ, చేతి మీద సూది వేసి చూసే మాంటూ పరీక్ష గానీ క్రిమి ఒంట్లోకి ఎప్పుడో చేరిందని మాత్రమే చెబుతాయి, అది ఇప్పుడు జబ్బుగా మారిందో లేదో చెప్పవు. ఊపిరితిత్తుల టీబీని తేల్చేది కళ్లె, దానికి సాయంగా ఛాతీ ఎక్స్‌రే.

క్రిమి చేరడం వేరు, జబ్బు రావడం వేరు అన్న సంగతి నాకూ నాన్నగారి జబ్బుతోనే అర్థమైంది. రోగి దగ్గినప్పుడు గాలిలో చేరిన క్రిమి ఇంకొకరి ఊపిరితిత్తుల్లోకి వెళ్లినా, అలా చేరినవారిలో నూటికి 5 నుంచి 10 మందికే జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బు వస్తుంది. మిగిలినవారిలో ఒంటి శక్తి దాన్ని నిద్రపుచ్చి ఉంచుతుంది. ఆ శక్తిని తగ్గించే ప్రతిదీ ముప్పే. షుగరు ఉన్నవారికి ఈ ముప్పు రెండు మూడు రెట్లు ఎక్కువ, నాన్నగారి విషయంలో బహుశా జరిగింది అదే. హెచ్‌ఐవీ ఉన్నవారికి అన్నిటికన్నా ఎక్కువ ముప్పు. చాలినంత తిండి లేకపోవడం, బీడీ సిగరెట్లు, మితిమీరిన మద్యం, డయాలసిస్, దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడటం, కీళ్లవాతానికి ఇచ్చే కొన్ని ఇంజెక్షన్లు, ఐదేళ్ల లోపు పసితనం, ఇంట్లోనే టీబీ రోగి ఉండటం కూడా ఈ కోవలోవే. రాతి పొడి పీల్చేవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మార్కాపురం పలకల కార్ఖానాల్లో, చీమకుర్తి గ్రానైటు పనుల్లో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తే, దాని మీద టీబీ సులువుగా వచ్చి కూర్చుంటుంది. అలాంటి పనిచేసే మనిషి దగ్గుతుంటే, దుమ్ము దగ్గులే అని సరిపెట్టుకోవడం చాలా ప్రమాదం.

ఇక ఆరోగ్య కేంద్రం సంగతి. జనవరి రెండో వారంలో ఆశా కార్యకర్త వేరే పని మీద మా ఇంటికి వచ్చి, నాన్నగారి దగ్గు విని, "బాబాయ్, ఎన్నాళ్ల నుంచి ఈ దగ్గు? రేపు పొద్దున్నే నాతో రండి" అని పట్టుబట్టి తీసుకెళ్లింది. అక్కడ ల్యాబ్ టెక్నీషియన్ చేసిన పని నాకు బాగా నచ్చింది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి ఊరుకోకుండా, ముందు నోరు పుక్కిలించమని, రెండు మూడుసార్లు నిండా ఊపిరి పీల్చి గుండెల లోపలి నుంచి దగ్గి తీయమని, ఉమ్మి పనికిరాదని, గదిలో కాకుండా ఆవరణలో చెట్టు కింద నిలబడి తీయమని ఓపికగా చెప్పారు. అప్పటికప్పుడు ఒక కళ్లె నమూనా, మర్నాడు నిద్ర లేవగానే ఇంకొకటి. మేం కళ్లె అనేదాన్నే తెలంగాణలో తెమడ అంటారు, అక్కడి కేంద్రాల్లో తెమడ పరీక్ష అని అడిగితే సరిపోతుంది. నమూనాను ట్రూనాట్ అనే యంత్రంలో పరీక్షించారు. గోవాలోని మోల్‌బయో సంస్థ తయారుచేసిన ఈ చిన్న యంత్రం బ్యాటరీతో కూడా నడుస్తుంది, క్రిమి జన్యుపదార్థాన్ని గంటా రెండు గంటల్లో పట్టుకుంటుంది, అంతకన్నా ముఖ్యంగా, టీబీకి ఇచ్చే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని ఆమోదించింది. సూక్ష్మదర్శినితో చూసే పాత పద్ధతిలో క్రిములు కొద్దిగా ఉంటే కనిపించేవి కావు, మందుకు లొంగుతాయో లేదో అసలే తెలిసేది కాదు. నాన్నగారి ఫలితం మర్నాడు సాయంత్రానికి వచ్చింది. టీబీ ఉంది, మందుకు లొంగే రకమే. అదే రోజు షుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేశారు. టీబీ తేలిన ప్రతి ఒక్కరికీ ఈ రెండూ చేస్తారట. బయట ఇవన్నీ చేయించుకుంటే వేలల్లో అయ్యేది, ఇక్కడ ఒక్క రూపాయి తీసుకోలేదు.

పేరు, ఆధార్ వివరాలతో ని-క్షయ్ అనే కంప్యూటర్ రిజిస్టరులో నమోదు చేసి ఒక ఐడీ నంబరు ఇచ్చారు. ఆ నంబరు ఉంటే దేశంలో ఎక్కడికి వెళ్లినా అక్కడి ప్రభుత్వ కేంద్రంలో చికిత్స కొనసాగించవచ్చు. హైదరాబాదుకో బెంగళూరుకో పనికి వెళ్లే మా ప్రాంతపు కూలీలకు ఇది పెద్ద ఆసరా.

మందుల గురించి కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే ఉచిత మందు నాసిరకంగా ఉంటుందన్న మాట మా బంధువుల నోటే విన్నాను. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అనే నాలుగు మందులూ కలిపి చేసిన ఒకే మాత్ర ఇస్తారు. ఆ తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగిలిన మూడింటి మాత్ర ఇస్తారు. మొదటి దశలో 56 మోతాదులు, రెండో దశలో 112. రోజుకు ఎన్ని మాత్రలన్నది రోగి బరువును బట్టి ఉంటుంది. పెద్దవారిలో 25 నుంచి 34 కిలోలవారికి 2, 35 నుంచి 49 వరకు 3, 50 నుంచి 64 వరకు 4, 65 నుంచి 75 వరకు 5. నాన్నగారు మొదటిరోజు 46 కిలోలు తూగారు కాబట్టి మూడు మాత్రలతో మొదలుపెట్టారు. నాలుగో నెలలో 51కి చేరగానే మోతాదును నాలుగుకు పెంచారు. నెలనెలా బరువు చూసి కార్డులో రాయడం లాంఛనం కాదని, దాని మీదే మోతాదు ఆధారపడి ఉందని అప్పుడు అర్థమైంది. ఒకప్పుడు మన దేశంలో వారానికి మూడు రోజులే మందు వేసే పద్ధతి ఉండేది. 2017 నుంచి రోజూ వేసే పద్ధతికి మారారు. నాలుగు మందులూ ఒకే మాత్రలో ఉండటం వల్ల, వికారం తెప్పించేదాన్ని ఒక్కదాన్నే పక్కన పెట్టేసి మిగిలినవి మింగే వీలు ఉండదు. ప్రపంచంలో మరెక్కడైనా ఇదే జబ్బుకు ఇచ్చే ప్రధానమైన మందులు ఇవే.

ఆరు నెలలు ఎందుకు? ఇది ప్రతి రోగీ అడిగే ప్రశ్న, ప్రతి కేంద్రంలోనూ మొదటిరోజే చెప్పాల్సిన జవాబు. క్రిములన్నీ ఒకే వేగంతో పెరగవు. చురుకుగా పెరిగేవి మొదటి వారాల్లోనే చచ్చిపోతాయి, అందుకే జ్వరం, దగ్గు త్వరగా తగ్గి ఆకలి తిరిగి వస్తుంది. మందకొడిగా ఒదిగి ఉండేవి మాత్రం మందుకు అందకుండా నెలల తరబడి దాగి ఉంటాయి. మధ్యలో మానేస్తే అవి మళ్లీ పెరుగుతాయి, ఈసారి మందుకు లొంగని రకంగా పెరిగే ప్రమాదం కూడా ఉంది. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగని టీబీని మొండి టీబీ అంటారు. దానికి బెడాక్విలిన్ వంటి వేరే మందులు వాడాలి. పూర్వం ఏడాదిన్నర, రెండేళ్లు ఇంజెక్షన్లతో సాగిన ఆ చికిత్సను ఆరు నెలల మాత్రలతో ముగించే కొత్త పద్ధతికి 2024లో మన కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది గానీ, ఆ మందుల దుష్ఫలితాలు, నిఘా అవసరం మామూలు కోర్సు కన్నా ఎంతో ఎక్కువ.

దుష్ఫలితాల గురించి ముందుగా చెప్పే విషయంలో మా కేంద్రానికి తక్కువ మార్కులే వేస్తాను. మొదటి మోతాదు వేసుకున్న రోజు మధ్యాహ్నం నాన్నగారి మూత్రం నారింజ రంగులో రావడంతో, రక్తం పడుతోందని ఆయన భయపడి, మాకెవరికీ చెప్పకుండా రాత్రంతా నిద్రపోలేదు. అది రిఫాంపిసిన్ రంగు, హాని లేనిది, చెమటకూ కన్నీటికీ కూడా కొద్దిగా ఆ రంగు వస్తుంది. మందు చేతికిచ్చేటప్పుడు ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆ రాత్రి తప్పేది. రెండో వారం నుంచి మోకాళ్లు, వేళ్ల కణుపులు నొప్పి పెట్టాయి. అది పైరజినమైడ్ వల్ల, రెండు నెలల తర్వాత ఆ మందు ఆపగానే తగ్గింది. ఐసోనియాజిడ్ వల్ల, అందులోనూ షుగరు ఉన్నవారిలో, అరికాళ్లు తిమ్మిరెక్కే అవకాశం ఉంది కాబట్టి బీ6 విటమిన్ మాత్ర కూడా ఇచ్చారు. ఇథాంబ్యుటాల్ అరుదుగా కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోతే వెంటనే చెప్పాలి. రంగుదారాలతో పనిచేసే మనిషి కాబట్టి నాన్నగారు ఇది రోజూ తనకు తానే పరీక్షించుకునేవారు. అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది కాలేయం విషయంలో. వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, అన్నం చూస్తేనే వెగటు పుట్టినా, మందు ఆపి అదే రోజు డాక్టరును కలవాలి. మూత్రం రంగు ఎటూ మారి ఉంటుంది కాబట్టి కామెర్లను మూత్రం బట్టి కాకుండా కళ్ల తెల్లగుడ్డును బట్టి గమనించాలి. మద్యం పూర్తిగా మానాలి. రిఫాంపిసిన్ ఇతర మందుల బలాన్ని తగ్గిస్తుంది. కొన్ని రకాల షుగరు మాత్రలు, గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ సరిగా పనిచేయకపోవచ్చు. నాన్నగారి షుగరు మందులను డాక్టరుగారు మార్చి, ప్రతి పదిహేను రోజులకూ పరీక్ష చేయించారు. ఈ శ్రద్ధ మెచ్చుకోదగ్గది.

మూడో నెలలో మాకు దెబ్బ తగిలింది. రెండు నెలల చివర చేసిన కళ్లె పరీక్షలో క్రిమి కనిపించలేదు, దగ్గు పోయింది, నాన్నగారు దుకాణం తెరిచారు. సంక్రాంతి తర్వాత మొదలైన చికిత్స మార్చికి వచ్చేసరికి, బాగైన మనిషికి రోజూ పరగడుపున మూడు మాత్రలు మింగడం భారంగా అనిపించింది. పెళ్లిళ్ల బట్టల ఒత్తిడిలో ఐదు రోజులు వేసుకోలేదని మాకు తెలియదు. పట్టుకున్నది ఆశా కార్యకర్తే. ఖాళీ అట్టలు చూపించమని అడిగి, లెక్కపెట్టి, "బాబాయ్, ఇందులో ఐదు రోజుల మాత్రలు మిగిలి ఉన్నాయి" అన్నది. తిట్టలేదు. మర్నాటి నుంచి వారం రోజులు తెల్లవారగానే వచ్చి, ఎదురుగా కూర్చుని వేయించింది. మార్చి 24న, అంటే 1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నట్టు బెర్లిన్‌లో ప్రకటించిన రోజున, ఆరోగ్య కేంద్రంలో జరిగిన ప్రపంచ క్షయ దినం సమావేశానికి ఆయన్ని తీసుకెళ్లి, కోర్సు ముగించిన ఇద్దరి పక్కన కూర్చోబెట్టింది. ఆ తర్వాత ఒక్క రోజు కూడా తప్పలేదు. వదిలేసిన మోతాదులను చివర్లో కలిపి కోర్సును అన్ని రోజులు పొడిగించారు. మందుకు లొంగే టీబీ రోగి చికిత్స పూర్తయితే, తోడున్న కార్యకర్తకు దక్కే పారితోషికం 1,000 రూపాయలు. ఆరు నెలల పాటు ఒక మనిషిని కనిపెట్టుకుని ఉన్నందుకు ఆ మొత్తం చాలా తక్కువ అని నేను గట్టిగా నమ్ముతున్నాను.

తిండి ఈ చికిత్సలో సగం. టీబీ రోగుల తిండికి ప్రభుత్వం డబ్బిచ్చే నిక్షయ్ పోషణ్ యోజన 2018 ఏప్రిల్‌లో నెలకు 500 రూపాయలతో మొదలైంది, 2024 నవంబరు 1 నుంచి 1,000కి పెరిగింది. రోగం తేలగానే 3,000, 84 రోజుల చికిత్స పూర్తయ్యాక మరో 3,000 రోగి బ్యాంకు ఖాతాలో నేరుగా పడాలి. నాన్నగారి ఖాతా ఆధార్‌తో ముడిపడి లేకపోవడంతో మొదటి విడత రెండున్నర నెలలు ఆలస్యమైంది. బ్యాంకుకు మూడుసార్లు తిరగాల్సి వచ్చింది. తిండి అవసరం అత్యధికంగా ఉండేది మొదటి రెండు నెలల్లోనే కాబట్టి ఈ ఆలస్యం చిన్న లోపం కాదు. ఝార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాల మీద జరిపి 2023లో వెల్లడించిన రేషన్స్ అధ్యయనంలో, ఇంటిల్లిపాదికీ అదనంగా బియ్యం, పప్పు ఇచ్చినప్పుడు కుటుంబ సభ్యులకు కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గిందని, మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో మరణాల ముప్పు 61 శాతం తక్కువగా ఉందని తేలింది. అమ్మ రోజూ రెండు గుడ్లు, గట్టి పప్పు, వేరుశనగలు, రాగి జావ పెట్టి, రెండు నెలల్లో ఆయన్ని 46 నుంచి 49 కిలోలకు తెచ్చింది. ఆ డబ్బు రాకముందే అప్పు చేసి పెట్టిన తిండి అది. అందరికీ ఆ వీలు ఉండదు.

ఇంట్లో మరో ఇబ్బంది ఎదురైంది. మా మేనత్త వచ్చి నాన్నగారి కంచం, గ్లాసు వేరు చేసి, పశువుల కొట్టం పక్క గదిలో పడుకోబెట్టమంది. ఆవిడ తప్పేమీ లేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో గత శతాబ్దం తొలినాళ్లలో మొదలైన శానటోరియం (క్షయ రోగులను ఉంచి చూసే ఆసుపత్రి) కాలం నుంచి, క్షయ అంటే ఊరికి దూరంగా నెలల తరబడి ఉంచాల్సిన రోగమన్న భావన మా ప్రాంతంలో పెద్దవాళ్ల మనసుల్లో నాటుకుపోయింది. మందుల్లేని రోజుల్లో మంచి గాలి, తిండి, విశ్రాంతి తప్ప వేరే దారి ఉండేది కాదు. అయితే 1956లో మద్రాసులో మొదలుపెట్టి 1959లో ఫలితాలు ప్రకటించిన ప్రయోగంలో, ఇరుకు ఇళ్లలో ఉంటూ మందులు వాడిన పేద రోగులు శానటోరియంలో ఉన్నవారితో సమానంగానే కోలుకున్నారని, ఇంట్లోవారికి దానివల్ల అదనపు ముప్పు కలగలేదని తేలింది. ప్రపంచమంతటా ఇంటి వద్ద చికిత్సకు దారి వేసింది ఆ ప్రయోగమే. క్రిమి కంచాలతో, బట్టలతో, తాకడంతో రాదు, గాలితోనే వస్తుంది. మందు మొదలైన కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అందాకా రోగి మాస్కు పెట్టుకుని, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, కిటికీలు తెరిచి ఉంచితే చాలు. ఈ మాటలన్నీ డాక్టరుగారు ఇంటికి కబురుపెట్టి అత్తయ్యను పిలిపించి మరీ చెప్పారు. కంచాలు మళ్లీ కలిశాయి.

కుటుంబ సభ్యులందరినీ పరీక్షించడం ఈ సేవలో నాకు ఎంతో విలువైనదిగా తోచింది. మా అన్నయ్య కూతురికి నాలుగేళ్లు, తాతయ్య ఒడిలోనే పెరిగిన పిల్ల. ఎక్స్‌రేలో జబ్బు లేదని తేలాక కూడా ఆరు నెలలు రోజూ ఐసోనియాజిడ్ వేయాలన్నారు. "పుట్టగానే బీసీజీ వేయించాం కదా, జబ్బు లేని పిల్లకు మందెందుకు" అని వదిన కంటతడి పెట్టుకుంది. బీసీజీ టీకా పసిపిల్లలను మెదడు పొరలకు, ఒళ్లంతటికీ పాకే తీవ్రమైన టీబీ నుంచి కాపాడుతుంది, అందుకే అది తప్పనిసరి. కానీ ఊపిరితిత్తుల టీబీ నుంచి పూర్తి రక్షణ ఇవ్వదని తమిళనాడులోని చెంగల్పట్టులో 1968లో మొదలైన భారీ ప్రయోగం చూపింది. ఒంట్లో నిద్రపోతున్న క్రిమిని లేవకముందే చంపడానికే ఈ మందు. వదిన ఒప్పుకుంది. పెద్దవాళ్లం ఐసోనియాజిడ్, రిఫాపెంటిన్ మాత్రలను వారానికి ఒకసారి చొప్పున 12 వారాలు వేసుకున్నాం.

మా కేంద్రంలో మారాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. మందులిచ్చే చోట అందరి ముందూ "టీబీ వాళ్లు ఇటు రండి" అని పిలవడం వల్ల, మా వీధికే చెందిన ఒక యువతి రెండోసారి రావడం మానేసి, దూరపు ఊరి నుంచి మందులు తెచ్చుకుంటోంది. మెడ దగ్గర గడ్డలు వచ్చే టీబీ ఆమెది, దగ్గే లేదు, అది ఇంకొకరికి అంటదు కూడా. అయినా పేరు బయటపడితే పెళ్లి సంబంధాలు చెడిపోతాయన్న భయం ఆమెను తరిమింది. ఏప్రిల్‌లో ఒకసారి నెలకు సరిపడా మందులు లేవని పది రోజులకే ఇచ్చి, మళ్లీ మళ్లీ రమ్మన్నారు. రోజు కూలీ వదులుకుని వచ్చేవారికి అది మోయలేని భారం. కళ్లె నమూనాలు ఉదయం పదకొండు తర్వాత తీసుకోకపోవడం కూడా పొలం పనులకు వెళ్లేవారికి అడ్డంకే.

ప్రైవేటు డాక్టరు దగ్గరే చూపించుకుంటామనేవారు కూడా ఈ సేవకు దూరం కానక్కర్లేదు. టీబీ రోగి వివరాలను ప్రభుత్వానికి తెలియజేయాలన్న నిబంధన 2012 నుంచి ప్రైవేటు వైద్యులకు కూడా వర్తిస్తుంది. అలా నమోదైనవారికి ఉచిత మందులు, పోషణ డబ్బు రెండూ అందుతాయి. సందేహాలకు 1800-11-6666 అనే ఉచిత నంబరు ఉంది, మేం రెండుసార్లు చేశాం, తెలుగులో ఓపికగా మాట్లాడారు.

మొదటిసారి వెళ్లేవారు ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, అప్పటికే వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకెళ్లండి. ఖాతా ఆధార్‌తో ముడిపడి ఉందో లేదో ముందే చూసుకోండి. ఫలితం వచ్చాక, రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనా అని అడిగి తెలుసుకోండి. చివరి మాత్ర మింగడంతో సేవ ముగియదు. కోర్సు అయ్యాక 6, 12, 18, 24 నెలలకు మళ్లీ చూపించుకోవాలి. నాన్నగారికి అలాంటి మొదటి పరీక్ష 2026 జనవరిలో అయింది, కళ్లె శుభ్రంగా ఉంది, బరువు 54 కిలోలు. ప్యాంటు నడుము కుట్లు ఆయనే విప్పుకున్నారు.